కొండపేటలో గీయించిన బొమ్మ

చెల్లీ, ఒంట్లో బాగానే ఉంది, బెంగపడకండి.

నిన్న డ్యూటీకి సెలవు దొరికితే, మా ఆసుపత్రి ఆయా నన్ను కొండవాలు మీది చిత్రకారుల పేటకు తీసుకెళ్ళింది. ప్రతి గుమ్మంలో ఎవరో ఒకరు గీస్తూనో చెక్కుతూనో ఉన్నారు. ఒక ముసలాయన "ఎదురుగా లేనివాళ్ళనైనా గీస్తానమ్మా, నువ్వు చెబుతూ ఉండు" అన్నాడు. నీ దగ్గర వదిలొచ్చిన నా బుజ్జిదాని గురించి చెప్పాను. బుగ్గలు, కుదురులేని కళ్ళు అచ్చం దిగిపోయాయి. నవ్వు దగ్గర ఆగి, "నువ్వు బయల్దేరేటప్పటికి ముందుపళ్ళు ఊడాయన్నావు. మళ్ళీ వచ్చాయా?" అని అడిగాడు. కన్నతల్లినై ఉండి చెప్పలేకపోయాను చెల్లీ.

"పోనీ, నోరు మూసినట్టు గీయనా?"

"దాని నోరు ఎప్పుడు మూతపడింది కనుక!" అన్నాను. ఇద్దరం నవ్వాం. తర్వాత నాకు ఏడుపు ఆగలేదు. ఆ కాస్త చోటు ఖాళీగానే వదిలెయ్యమన్నాను.

పళ్ళు వచ్చాయో లేదో వెంటనే రాయి. అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి బాగుచేయించారా?

బడికి సెలవులివ్వగానే బుజ్జిదాన్ని తీసుకుని రా. గది చిన్నదే, సర్దుకుందాం. స్టేషనుకు నేనే వస్తాను. ఎదిగిన పిల్లను గుంపులో పోల్చుకోలేనేమోనని భయంగా ఉంది. రైలు దిగగానే గట్టిగా "అమ్మా" అని పిలవమను.

అమ్మకు నమస్కారాలు, మీ ఇద్దరికీ నా దీవెనలు.

అక్క