పికప్‌లో లేని లోపం

చిరంజీవి జగదీశ్వర్‌కు ఆశీర్వచనములు.

నీతో కలిసి గిటారు వాయించే మా అభిజిత్, నాదం మొద్దుబారిందంటూ, తీగల క్రింద ఉండి ఆ నాదాన్ని పట్టే పికప్‌ను మళ్లీ విప్పాడు. సన్నని రాగితీగను కొత్తగా చుట్టి, కరిగించిన మైనంలో ముంచి బిగించాడు. మీటగానే క్రింది వాటాలోని సులోచనగారు, "సార్, చెవులు పగులుతున్నయి!" అని అరిచారు. వాడు మాత్రం, "నాన్నా, ఇంకా మొద్దుగనే ఉంది గద?" అని అడిగాడు. నేను అవునన్నాను.

లోపం పికప్‌లో లేదు. వాడి చెవులలో ఉన్నది. నారాయణగూడలో చెవి వైద్యుడున్నాడని తెలిసినా, ఆ మాట చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. వాడు ఇవాళ మళ్లీ తీగ విప్పుతున్నాడు.

నాయనా, నీవు చిక్కడపల్లికి వచ్చి ఈ ఉత్తరాన్ని వాడికి బిగ్గరగా చదివి వినిపించు. కుడిప్రక్కన కూర్చొని చదువు. ఎడమవైపు నుండి పిలిస్తే వాడు పలకడం లేదు.