రాణిగారి కొప్పు

నాణేల మదింపు ఆఫీసు అయ్యగారికి,

బస్టాండు ఎదుటి సెలూన్ మాస్టారు నమస్కారాలతో రాస్తున్నది. నేను ఇక్కడ క్షేమం. మీరూ, మీ భూతద్దమూ క్షేమమని తలుస్తాను.

దీంతో పాటు ఒక కంచు నాణెం పంపుతున్నాను. బ్రిటిష్ వాళ్ల పాత పెన్నీ. నా దగ్గర ముప్పై ఏళ్లు గడ్డం గీయించుకున్న గడియారాల రిపేరు పెద్దాయన, ఊరు వదిలి వెళ్తూ నా చేతిలో పెట్టి, "మంచి పీసు, జాగ్రత్తగా చూసుకో" అన్నాడు. మా అల్లుడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది చొక్కా గుండీకి కూడా పనికిరాదు మామయ్యా" అన్నాడు. కుర్చీల్లో ముగ్గురు కస్టమర్లు వింటున్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చి, "దీని ఖరీదు యాభై కటింగులకి తక్కువైతే మీసం తీసేస్తా" అనేశాను. ఇది ముప్పై అయిదేళ్ల మీసం. కాబట్టి కొంచెం దయతో చూసి చెప్పండి.

ఇట్లు, మీసం మీద చెయ్యేసుకుని,
సెలూన్ మాస్టారు

తా.క. వెనక వైపు త్రిశూలం పట్టుకుని కూర్చున్నావిడ రాణిగారికి ఏమవుతుంది?

*

సెలూన్ మాస్టారు గారికి,

నమస్తే. మీ నాణెం పరిశీలించి తిరిగి పంపుతున్నాను. ఇది విక్టోరియా రాణి కాలంనాటి పెన్నీ, సంవత్సరం 1874. బొమ్మలో రాణిగారు కొప్పుతో ఉంటారు కనుక దీన్ని కొప్పు పెన్నీ అంటాం. ఇలాంటి నాణేల్లో మొదట చూసేది జుట్టే. ఎన్ని పాయలు విడివిడిగా కనిపిస్తే అంత విలువ. మీ నాణెంలో చెవి పైన జుట్టు అరిగి పాయలు కలిసిపోయాయి. అందుచేత ఫైన్ వేశాను. మా వీధి సెలూన్ రేటు ప్రకారం ఇరవై కటింగులు వస్తుంది.

భవదీయుడు,
మదింపుదారు

తా.క. త్రిశూలం ఆవిడ రాణిగారికి బంధువు కాదు. దేశానికి గుర్తుగా వేసిన బొమ్మ. మరో ముఖ్య విషయం కాగితం వెనక రాశాను.

(కాగితం వెనక) ఎట్టి పరిస్థితుల్లోనూ నాణేన్ని తోమవద్దు.

*

అయ్యగారికి,

మాస్టారు నమస్కారాలు. మీ ఉత్తరం చదివి మా ఇంటిల్లిపాదికీ అన్నం సహించలేదు. ఆవిడెవరో జుట్టు సరిగ్గా చూసుకోకపోతే నాకు ఫైన్ వేయడం ఏం న్యాయం? పోనీ ఎంత కట్టాలో అంకె కూడా వేయలేదు. మా ఆవిడ ఇప్పటికే, "రాణులతో మనకెందుకండీ" అని మొదలుపెట్టింది.

అసలు జుట్టు అరిగిందని మీకెవరు చెప్పారు? నలభై ఏళ్లుగా నా బతుకంతా జుట్టులోనే గడిచింది. తలకి నూనె బాగా పట్టించి, సన్నపళ్ల దువ్వెనతో అణిచి దువ్వితే పాయలు కలిసిపోయే కనిపిస్తాయి. దాన్ని అరగడం అనరు, దువ్వడం అంటారు.

మీకు మసకగా కనిపించి ఉంటుందని నాణేన్ని పళ్లపొడితో తోమి, కత్తి నూరే తోలు పట్టీ మీద గంటసేపు మెరుగు పెట్టాను. ఇప్పుడు అందులో నా మీసం కనిపిస్తోంది. మళ్లీ పంపుతున్నాను, కళ్లారా చూడండి.

ఇట్లు, తప్పు చేయకుండా ఫైన్ పడ్డ
సెలూన్ మాస్టారు

తా.క. కాగితానికి వెనక కూడా ఉందని తోమాక తెలిసింది.

రెండో తా.క. ఏమీ అనుకోకండి, మీరు చివరిసారి తల దువ్వుకున్నది ఎప్పుడు?

*

మాస్టారు గారికి,

మీ ఉత్తరం చదివి, ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, కూర్చుని రాస్తున్నాను.

ఫైన్ అంటే జరిమానా కాదు. అది గ్రేడు పేరు. బాగా అరిగిపోయిన నాణేన్ని ‘గుడ్’ అంటాం. దానికన్నా మెరుగైతే ‘ఫైన్’, ఇంకా మెరుగైతే ‘వెరీ ఫైన్’. గుడ్ అంటే బాగాలేదని అర్థమా అని అడుగుతారు. అవును. ఈ పేర్లు నేను పెట్టలేదు.

ఇక మీ నాణెం. దాని మీద నూట యాభై ఏళ్లుగా పట్టిన గోధుమ రంగు పొరే దాని అందం. మీరు దాన్ని గంటలో పళ్లపొడితో కడిగేశారు. ఇప్పుడది రెండు కటింగుల సరుకు. అందులో రెండోది గడ్డం అనుకోండి.

కొప్పు ఎలా ఉండాలో తెలియడానికి అదే సంవత్సరపు మంచి నాణెం ఫోటో పెద్దది చేయించి పంపుతున్నాను. పాయలు ఎలా విడివిడిగా ఉన్నాయో చూసి నేర్చుకోండి.

భవదీయుడు,
మదింపుదారు

తా.క. నాకు ముప్పయ్యో ఏటే జుట్టు మొత్తం ఊడిపోయింది. ఈ ఉద్యోగానికి అది అడ్డం కాదు.

*

అయ్యగారికి,

మాస్టారు నమస్కారాలు. మాట మాటే కదా, నిన్న సాయంత్రం అల్లుడి ఎదుట మీసం తీసేశాను. ఇంకొకరి చేతిలో పెట్టడం ఇష్టం లేక నేనే గీసుకున్నాను. అల్లుడు మధ్యలో, "వద్దులే మామయ్యా, ఊరికే అన్నాను" అన్నాడు గానీ అప్పటికి ఎడమ వైపు అయిపోయింది. ఇంటికి వెళ్తే మా ఆవిడ తలుపు సగం తీసి, "మాస్టారు లేరు, రేపు రండి" అంది.

నాణెం తోమినందుకు నన్ను క్షమించండి. ఆ పెద్దాయన నమ్మి ఇచ్చిన వస్తువు. నా చేతులతో నేనే పాడుచేశాను. రాత్రంతా అదే గుచ్చుకుంది.

పొద్దున మీ ఫోటో అద్దం పక్కన అంటించి, బేరాలు లేనప్పుడల్లా చూశాను. చిన్నవాణ్ణి, చెప్పొచ్చో లేదో తెలియదు. ఈ జుట్టు జుట్టులా లేదండీ. తల మీద వెంట్రుక మొదట్లో ఒకలా, చివర ఒకలా ఉంటుంది. ఇక్కడ గీతలన్నీ ఒకే లావు. పైగా పాయ నుదుటి నుంచి వెనక్కి వెళ్లి రిబ్బను కింద దూరి, కొప్పులో తేలాలి. ఇందులో రెండు పాయలు రిబ్బను దాకా వచ్చి ఆగిపోయాయి, వేరే చోటి నుంచి వేరే రెండు మొదలయ్యాయి. ఏ దువ్వెనా అలా దువ్వదు. తర్వాత ఎవరో కూర్చుని గీసినట్టుంది. నా పొరపాటైతే మన్నించండి.

ఇట్లు, బోడి మూతితో,
సెలూన్ మాస్టారు

తా.క. పాత కస్టమర్లు నన్ను చూసి, "కొత్తగా చేరావా, మాస్టారు ఎప్పుడొస్తారు?" అంటున్నారు. ఒకాయన నా పని బాగుందని, నన్ను వదులుకోవద్దని మాస్టారికి చెప్పమన్నాడు.

*

మాస్టారు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మొదట నవ్వుకున్నాను. తర్వాత ఎందుకైనా మంచిదని ఆ ఫోటోలోని అసలు నాణేన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. తల ఎత్తేసరికి నా టీ చల్లారిపోయింది.

మీరు చెప్పింది అక్షరాలా నిజం. అరిగిన జుట్టు మీద ఎవరో సన్నటి సూదితో పాయలు చెక్కారు. రిబ్బను దగ్గర సూది జారిన గీత కూడా ఉంది.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ నాణెం అమ్మకానిది కాదు. పన్నెండేళ్ల కిందట ఈ ఉద్యోగంలో చేరిన వారం నేను కొన్న మొదటి నాణెం. అప్పటి నుంచి నా బల్ల మీద అద్దాల పెట్టెలో ఉంది. ఎవరి కొప్పు పెన్నీ వచ్చినా దీని పక్కన పెట్టి, ఇందులో ఉన్నన్ని పాయలు అందులో లేవని గ్రేడు తగ్గించేవాణ్ణి. సూదితో చెక్కిన జుట్టుతో పోలిస్తే ఏ రాణిగారి జుట్టు నిలుస్తుంది? మీరు మొదటిసారి పంపినప్పుడు మీ నాణెం వెరీ ఫైన్. అరవై కటింగులు పలికేది. మీ మీసానికి సగం బాధ్యత నాది. మిగతా సగం పళ్లపొడిది.

ఈ సంగతి మా పెద్ద సారుకి చెప్పాను. ఆయన కూడా నాణేన్ని మైక్రోస్కోపు కింద రెండుసార్లు చూశారు. చివరికి, "ఆ కనిపెట్టినాయన ఎక్కడ చదువుకున్నాడు?" అన్నారు. బస్టాండు ఎదుట అని చెప్పాను. పాత గ్రేడులన్నీ తిరగదోడాలనీ, మీరు పక్కన లేకుండా నన్ను ఒక్క నాణెం కూడా ముట్టుకోవద్దనీ ఆర్డరు వేశారు. నాణేనికింత అని ఫీజు కూడా ఇస్తారు.

మీ సెలూన్‌కి మంగళవారం సెలవు కదా, పది గంటలకి రండి. కిటికీ పక్కన వెలుతురున్న చోట మీకు కుర్చీ వేయించాను.

మీ శిష్యుడు,
మదింపుదారు

తా.క. మొత్తం నాలుగు వందల పన్నెండు మంది రాణులు, అందరికీ కొప్పులే. తొందరేం లేదు. ఒక్కరూ తల కదపరు.