మ్యాపులో లేని ఊరికి

దానియేలు అన్నయ్యకి,

నీ చెల్లెలు మార్త వందనాలు చెప్పి రాస్తున్నది. ప్రభువు దయ వల్ల ఇక్కడ జపాన్‌లో నేను కులాసా. అమ్మ మోకాలు ఎలా ఉంది, వదినకి ఎన్నో నెల, పాస్టరుగారి దగ్గు తగ్గిందా, అన్నీ రాయి. నేను బాగానే తింటున్నాను. ఆ మాట అమ్మకి ముందు చదివి వినిపించు. మిగతాది కోపంగా రాస్తున్నాను, అది తీరిగ్గా చదువుకో.

కమలాపళ్ళ కోత అయిపోయింది. ఇప్పుడు కొమ్మలు కత్తిరిస్తున్నాం. తోటంతా ఏటవాలు కొండే, రాతి గట్లు మెట్లు మెట్లుగా ఉంటాయి, కింద సముద్రం. ఎక్కి దిగడం నాకు కష్టం లేదు, డుంబ్రిగుడ సంతకి మూటలు మోసిన దాన్ని కదా. చలి మన ఊరి చలిలాగే ఉంది. వదిన పంపిన ఎండుమిరపకాయలు అయిపోయాయి, మళ్ళీ పంపించు. చోడిపిండి కూడా. ఆదివారాలు నాకు నేనే పాటలు పాడుకుని ప్రార్థన చేసుకుంటున్నాను. బెంగ ఉంది, లేదని అబద్ధమెందుకు? కానీ బాగానే ఉన్నాను, అమ్మకి చెప్పు.

ఇక నీ ఉత్తరం సంగతి. "కొండ తవ్వి బాక్సైటు తీత్తారట. కంపెనీవోళ్ళు మ్యాపు తెచ్చినారు, దాన్లో మన ఊరు లేదు, ఉత్త కొండేనట. ఊరికి రోడ్డేత్తారట, కుర్రోళ్ళకి ఉద్యోగాలట. ఊరి పెద్దనని నా సంతకం ముందడుగుతున్నారు. పెట్టేత్తే బేగి అయిపోద్ది. జపాన్‌లో కూకున్న గుంటవి, నీకేటి తెలుసు?" అని రాశావు. మ్యాపులో లేని ఊరికి రోడ్డెలా వేస్తారు అన్నయ్యా? ఆ మాట అడగాలని నీకు తోచలేదా?

నీ ఉత్తరం సంగతి మా తోట యజమాని తండ్రికి చెప్పాను. ఆయన్ని నేను తాతగారంటాను. నాకొచ్చిన అరకొర జపాన్ భాషలో చెబితే అంతా విని, "ఆదివారం పడవెక్కుదాం" అన్నారు, అంతే.

తీసుకెళ్ళింది ఒక చిన్న దీవికి. దిగీ దిగగానే కుందేళ్ళు! గుంపులు గుంపులుగా వచ్చి కాళ్ళ మీదికెక్కి మేత అడుగుతున్నాయి. నువ్వుంటే ఉచ్చులు ఎక్కడ పెట్టాలా అని చూసేవాడివి. నాకూ నోరూరింది, ప్రభువు క్షమించాలి. "వీటిని ఎవరూ వండుకోరా?" అని అడిగేశాను. పక్కనున్న ఆడవాళ్ళు నన్ను చూసిన చూపు చెప్పలేను.

దారి పైకెక్కుతుంటే ఒక రాతి సందులోంచి ఊట కారుతోంది. అమ్మ ఎప్పుడూ అంటుంది కదా, "కొత్త కొండెక్కితే ముందు దాని నీళ్ళు తాగాల, అప్పుడే అది మనకి సుట్టమవుద్ది" అని. నేను వంగి దోసిలి పట్టాను. తాతగారు నా చేతి మీద ఒక్కటేశారు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, "తాగొద్దు!" అని అరిచారు. నీళ్ళన్నీ ఒలికిపోయాయి. ఆయనే రుమాలు తీసి నా చేతులు తుడిచారు.

యుద్ధం రోజుల్లో ఆ దీవి మీద విషవాయువు తయారు చేశారట అన్నయ్యా. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని మ్యాపులోంచి దీవినే తీసేశారట, అది ఉన్న చోట ఉత్త సముద్రమేనట. తాతగారు పదిహేనేళ్ళకే అక్కడ పనికి చేరారు. ఇప్పటికీ తగ్గని ఆయన దగ్గు అప్పుడు పట్టుకున్నదేనట. కన్నతల్లికి కూడా చెప్పనని ఆయన చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట.

"అందులో ఏముందో చదివారా?" అని అడిగాను.

"లేదు. ఇంటికి దగ్గర, మంచి ఉద్యోగం అన్నారు. పెట్టేశాను" అన్నారు.

ఆ విషం చైనా వాళ్ళ మీద పడిందట. "నా దగ్గు నాకు తగిన శాస్తే అమ్మా. వాళ్ళేం పాపం చేశారు?" అన్నారు. ఇప్పటికీ ఆ దీవికి తాగే నీళ్ళు పడవ మీదే వస్తాయి. తిరుగు పడవలో ఆయన నాతో ఒకే మాట అన్నారు: "మీ ఊరు మ్యాపులో ఎందుకు లేదో ముందు మీ అన్నయ్యని అడగమను."

నాకేటి తెలుసా? కొండ మీద నిలబడి, కళ్ళ ముందు నీళ్ళు కారుతుంటే, దాహంతో తిరిగి రావడం తెలుసు. కొండ తల తీసేస్తే మన గెడ్డలో పారడానికి నీళ్ళెక్కడివి? పుట్టబోయే నీ బిడ్డ నోట్లో మొదటి చుక్క ఎక్కడి నుంచి తెచ్చి పోస్తావు? నువ్వు అలుగు, తిట్టు, ఉత్తరాలు మానెయ్. సంతకం మాత్రం పెట్టకు. పెట్టావో, నేనొచ్చి గ్రామసభలో అందరి ముందూ నిలదీస్తాను. ఆ కొండ మీది మన పొలంలో నాకూ భాగముంది.

అమ్మకి దండాలు. పాస్టరుగారికి, ఊరి పెద్దలందరికీ వందనాలు, నా కోసం ప్రార్థన చేయమను. వదినని బరువులు మోయనివ్వకు.

ఇంకొక్క మాట. ఈ కవరు పారెయ్యకు. దాని మీద మన ఊరి పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. వాళ్ళు మళ్ళీ వచ్చి మ్యాపు పరిస్తే, దాని మీద ఈ కవరు పెట్టు. లేని ఊరికి జపాన్ నుంచి ఉత్తరం ఎలా వచ్చిందో చెప్పమను.

అందరి దీవెనలు కోరే
నీ చెల్లెలు,
మార్త,
ఊటలవలస.