ముందు నడిచే మనిషి

షమ్సు ఆపాకి,

సలాం. ఇక్కడ ఫోన్ పనిచెయ్యదు, అందుకే కాగితం. ఫ్లిండర్స్ కొండల్లో మూతపడ్డ రాగి గని పక్కన టెంట్ వేశాం. గని ఆగిపోయాక ఈ దారిని ఎవరూ బాగుచెయ్యలేదు. వానకు కోసుకుపోయిన చోట ఒకరు దిగి ముందు నడవాలి. చక్రం ఏ రాయి మీదికి ఎక్కించాలో చేత్తో చూపాలి. పిడికిలి ఎత్తితే బండి ఆగాలి. ఆ దిగే మనిషి ఎప్పుడూ నేనే. మూడేళ్ళుగా దుమ్ము నాది, స్టీరింగ్ మా ఆయన ఇమాద్‌ది. అడిగితే "నువ్వు చూపించు చాలు అఫీ" అంటాడు. మా ఊరు గంగాలిన్‌లో రోజూ ఆఫీసుకి కారు నడుపుకుంటూ వెళ్ళేదాన్ని, ఇక్కడికొస్తే లారీ క్లీనర్ని. నవ్వి ఊరుకుంటున్నాను గానీ గుచ్చుకుంటూనే ఉంది. రేపు గని కిందికి నిటారు వాలు. అక్కడ కూడా స్టీరింగ్ నాకివ్వకపోతే నేనిక ఏ ట్రిప్పుకీ రాను. ఇమాద్‌కి ఇంకా చెప్పలేదు, నీకే చెబుతున్నా.

నీ అఫీఫా

*

ఆపా,

నిన్నటి ఉత్తరం పోస్ట్ చెయ్యనేలేదు. రెండూ ఒకే కవర్లో పెడుతున్నా.

పొద్దున వాలు అంచున బండి ఆగింది. నేను దిగలేదు.

"దిగవేం?"

"ఈసారి నువ్వు దిగు."

ఇమాద్ స్టీరింగ్ వదల్లేదు. "నాకు చూపించడం రాదు అఫీ. ఈ సీట్లోంచి బానెట్, ఆకాశం తప్ప ఏమీ కనబడదు. నీ చెయ్యి చూసి తిప్పుతానంతే. నేను తప్పు చూపిస్తే బండిలో ఉండేది నువ్వు."

"మూడేళ్ళు ఈ ముక్క చెప్పలేదేం?"

"సిగ్గేసింది."

"నన్ను క్లీనర్ని చెయ్యడానికి సిగ్గెయ్యలేదా?"

నవ్వి దిగాడు.

ఇంత అధ్వాన్నంగా దారి చూపే మనిషిని నువ్వు చూసి ఉండవు. చెయ్యి ఆగమంటుంది, నోరు "రానీ, రానీ" అంటుంది, కర్నూలు బస్టాండ్‌లో బస్సు వెనక్కి తీయిస్తున్నట్టు. "నోరు మూసుకుని చెయ్యి చూపించు" అని అరిచాను. వెనక్కి నడుస్తూ రాయి తగిలి కూలబడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే పిడికిలి ఎత్తాడు. ఆగాను. ఎడమ చక్రం ముందు నేల లేదు. తను లేచి చూపినట్టే కుడికి తిప్పి, రాళ్ళ మీదుగా మెల్లగా దించాను. బండికి గీత కూడా పడలేదు.

కిందికి చేరి బండి ఆపాక చూస్తే, మళ్ళీ ఎత్తిన తన పిడికిలి ఇంకా పైనే ఉంది.

"దించు, బండి ఆగింది" అన్నాను.

సాయంత్రం తిరిగి ఆ వాలు ఎక్కేటప్పుడు స్టీరింగ్ నాకే ఇవ్వబోయాడు. తీసుకోలేదు. దిగి ముందు నడిచాను.

నీ అఫీఫా