రాయి మీద పెట్టిన చాకు

సోములమ్మా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. భోజనాలకి విస్తళ్లు కావాలని ఇవాళ పొద్దున్నే కొండెక్కి అడ్డాకులు కోసుకొచ్చాను. సంతలో కొనేద్దామంది మీ చెల్లెలు. నువ్వుంటే కొన్న విస్తట్లో వడ్డించనిస్తావా?

రైలు కొత్తగా వచ్చిన ఏడాది అరకు సంతలో మనం కొన్న రెండు బ్లేడ్ల మడతచాకే ఇంకా వాడుతున్నాను. వాకిట్లో రాయికి అటూ ఇటూ కూర్చునేవాళ్లం. పెద్ద బ్లేడుతో నేను ఆకుల కాడలు కోసేవాణ్ణి, చిన్నదానితో నువ్వు వెదురు పుల్లలు చీల్చి కుట్టేదానివి. మొదటిసారి చాకు నీ చేతికివ్వబోతే ఎంత కసిరావు!

"సేతికిత్తావేటి? గొడవలొత్తాయి. రాయి మీద ఎట్టు."

అప్పట్నుంచీ ఒకరు రాయి మీద పెట్టడం, రెండోవాళ్లు తీసుకోవడం. అయినా మనం తక్కువ పోట్లాడుకున్నామా?

ఇవాళ కూడా కాడలన్నీ కోసి, పెద్ద బ్లేడు మడిచి, చాకు రాయి మీద పెట్టి కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. మీ చెల్లెలొచ్చి, "ఏటి బావా, ఆకులు వాడిపోతన్నాయి, ఎవులి కోసం సూత్తన్నావు?" అంది.

నేనే తీసుకున్నాను. ఏడాదిగా తెరవని చిన్న బ్లేడు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నా గోరు విరిగాక తెరుచుకుంది. పుల్లలు లావుగా వచ్చాయి, సగం ఆకులు చిరిగాయి. నువ్వు చూస్తే తిట్టేదానివి.

ఒక్కసారి వచ్చి ఎదురుగా కూర్చో. ఈ చాకు నీ చేతికే ఇస్తాను. గొడవ వస్తే రానీ.