మల్లన్న బీరులో చక్కెర

మల్లన్నా,

నీ బీరును పాడుచేసినవాడు మన రూమ్మేటు శీనుగాడు. నువ్వు సైటులో చనిపోయి ఏడాది అయిందని, నువ్వు కోరినట్టే సిరప్పులూ చక్కెరా లేకుండా ఉత్త మొలకబార్లీతో బీరు కాయాలనుకున్నాను. రెసిపీ నేనే రాసి గోడకు అంటించాను. బార్లీని వేడినీళ్ళలో నానబెట్టాలి, ఉడికించకూడదు. వడకట్టిన నీళ్ళు మరుగుతుంటే, నువ్వు ఫ్రిజ్‌లో దాచిన హాప్స్ పువ్వులు చేదు కోసం కొన్ని వేయాలి. వాటి బత్తాయి తొక్కలాంటి వాసన నిలవాలంటే మిగతావి పొయ్యి ఆపేముందే పడాలి.

నేను డ్యూటీ నుంచి బర్ దుబాయ్ ఫ్లాటుకు వచ్చేసరికి, వాడు బార్లీనీ సగం పువ్వులనూ కలిపి జొన్నగట్కలా కుతకుతా ఉడికిస్తున్నాడు. అలా ఉడికితే గింజలో తీపి పుట్టదు. అందుకని చక్కెర గుమ్మరించాడు.

"కిక్కు రావాలె గని వాసనెందుకురా? కితాబులు సదివి బీరు కాస్తవా? ఖలాస్!" అన్నాడు.

నాలుక చచ్చిన మనుషులు మల్లన్నా, ఈ ఫ్లాటువాళ్ళు! అంతా సింకులో పారబోశాను.

"మల్లన్నైతే తాగేటోడు," అని గొణిగాడు.

నువ్వైతే వాడి మొహాన ఉమ్మేవాడివి.

నీ పువ్వులు ఇంకో కుండకే సరిపోతాయి. శుక్రవారం పొద్దున పదింటికి అందరూ వంటగదిలో ఉండాలని తలుపు మీద రాశాను. శీనుగాడూ రావాలి. ఆ చివరి పువ్వులు వేసి పొయ్యి ఆపేది వాడే.