చేటెడు తవుడు

చి. ప్రేమ్‌చంద్‌కు అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. కూర్చుని చదువు.

సోమవారం పొద్దున్నే దీపం పెట్టి, కళ్ళంలో మిరపకాయలు తిరగదోసి, దోసకాయ పప్పు వండిపెట్టి పర్చూరు మండలాఫీసుకు వెళ్ళాను. మీ అమ్మాయి తేజశ్రీ వంశవృక్షం గీస్తోందని నువ్వడిగిన పుట్టిన తేదీల కోసమే. పాత జనన రిజిస్టరులో నా పుట్టుక దొరికింది. నాన్న పేరు సరిగ్గానే ఉంది. తల్లి పేరు దగ్గర మాత్రం యలమందమ్మ అని ఉంది. మన ఎదురింటి పిన్ని! గుమాస్తా చేత మళ్ళీ చదివించాను, అదే పేరు. అమ్మ లేదు, ఎవరిని అడగను? రామా అనుకుంటూ బస్సు దిగి నేరుగా పిన్ని దగ్గరికే వెళ్ళాను.

ఆవిడ నవ్వింది. “నీ ముందు పుట్టినోళ్ళంతా పోయారే. వేరేవాళ్ళ పిల్లయితే బతుకుద్దని మీ అమ్మ పురిట్లోనే నిన్ను నాకు అమ్మింది. చేటెడు తవుడు పోసి కొన్నా. ఊరి మున్సబు పుట్టుక రాసుకోడానికొస్తే, మీ అమ్మ పేరు చెప్తే చేసిందంతా చెడుద్దని తల్లిని నేనేనన్నా.”

“తర్వాత అమ్మకిచ్చేశావుగా పిన్నీ?”

“పెంచమని ఇచ్చా. నా తవుడు ఎవరు తిరిగిచ్చారే? నువ్వింకా నా పిల్లవే!” అంటూ నా చెయ్యి పట్టుకుంది. పిల్లల్లేని మనిషి, ఒంటరిది.

మరదలి నడుంనొప్పి ఎలా ఉంది? వచ్చేటప్పుడు పిన్నికి ఉన్ని శాలువా తీసుకురా. సాయంత్రం మీ బావగారు, పిల్లలు, నేను కూర్చుని అనుకున్నాం. రిజిస్టరు దిద్దించం. పిన్ని రేపటి నుంచి మాతోనే ఉంటుంది. తవుడు మాత్రం తిరిగివ్వం.

అక్క సుబ్బరావమ్మ